కొండ వగరు: గ్లాసులో కొంత, గుడ్డమీద కొంత

పోయిన కార్తీకం నుంచి మొన్న నేరేడు పళ్లు రాలేదాకా నేను పెట్టుకున్న పని ఇది. చంద్రగిరి దాటాక శేషాచలం కొండల అడుగున ఒక వాలు ఉంది. ఆ నేలమీద తనంతట తాను పుట్టిన మొక్కలతో పానీయాలు చెయ్యాలి, అవే మొక్కల రసాలతో ఆ వాలుని గుడ్డమీద గీయాలి. చివర్లో స్నేహితుల్ని పిలిచి రెండూ ఒకేసారి వాళ్ల ముందు పెట్టాలి. తాగుతూ చూడాలి, చూస్తూ తాగాలి. వినడానికి బాగానే ఉంటుంది. అసలు తిప్పలు ఏది ఏరొచ్చు, ఎక్కడ ఏరొచ్చు అన్న దగ్గరే మొదలవుతాయి.

శేషాచలంలో పెద్ద భాగం శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానవనం కిందికి వస్తుంది. 2010లో ఈ కొండల్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా కూడా ప్రకటించారు. ఉద్యానవనం హద్దు లోపల అనుమతి లేకుండా ఆకు తుంచినా నేరమే. కాబట్టి నేను కొండ ఎక్కలేదు. అడుగున ఉన్న పట్టా పొలాల గట్లు, చెరువు కట్ట, వంక పక్కన ఊరి పోరంబోకు, ఇంతవరకే నా అడవి. పొలం యజమానుల్ని అడిగాను. ఒకాయన నవ్వి, "తంగేడు కోసుకోడానికి కూడా అడగాల్నామ్మా, పీకేసుకోని పో" అన్నాడు.

ఎర్రచందనం గురించి అందరూ అడుగుతారు గనుక ముందే చెప్పేస్తాను. ప్రపంచంలో అది సహజంగా పెరిగేది దాదాపు ఈ కొండల్లోనూ వీటి చుట్టుపక్కల కొండల్లోనూ మాత్రమే. చేవలో మంచి ఎరుపు ఉంటుంది. ఈ వాలు బొమ్మకి అంతకన్నా తగిన రంగు ఇంకోటి లేదు. కానీ ఆ చెట్టు చుట్టూ ఉన్న చట్టాలూ కేసులూ తెలిసినవాళ్లెవరూ దాని చెక్క పేడు కూడా ఇంట్లో పెట్టుకోరు. నేనూ పెట్టుకోలేదు. నా బొమ్మలో ఎరుపంతా వంక గట్టున తవ్విన ఎర్రమట్టే.

రెండో ఇబ్బంది నేను అనుకోనిది. ఈ నేల మొక్కలు మాత్రమే అని గీత గీసుకున్నాక, ఆ వాలుమీద కంటికి ఎక్కువగా కనపడే వాటిలో సగం బయటే నిలబడ్డాయి. నాగజెముడు పండు రసం గ్లాసులో పోస్తే ఆ రంగుకి ఎవరైనా పడిపోవాల్సిందే. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క. సీతాఫలం కూడా అక్కడిదే. పొదపొదకీ పాకిన లాంటానా, గట్లన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మ, ఇవీ అంతే. నాగజెముడు వదులుకోడానికి నాకు నిజంగా ప్రాణం ఒప్పలేదు. చింతని ఏం చెయ్యాలో మాత్రం తేల్చుకోలేకపోయాను. దాని పుట్టిల్లు ఆఫ్రికా అంటారు. ఆ మాట మా జిల్లాలో చెప్పి నెగ్గుకొచ్చినవాణ్ణి నేనింకా చూడలేదు.

మిగిలినవి తంగేడు, ఉసిరి, కరక్కాయ, మోదుగ, నేరేడు. వీటన్నిటికన్నా ముందు నా మనసులో ఉన్నది నన్నారి. నిజానికి ఈ పని మొత్తం దానికోసమే మొదలుపెట్టాను. తిరుపతిలో ఎండాకాలం బండిమీద నన్నారి షర్బత్ తాగినవాళ్లకి ఆ వాసన చెప్పక్కర్లేదు. కొండ రుచి అంటే అదేనని నా నమ్మకం.

నన్నారి పేరుతో రెండు మొక్కలు చలామణీ అవుతాయి. ఒకటి సుగంధిపాల. సన్నటి తీగ, పెన్సిల్ కన్నా సన్నని వేళ్లు, ఆకు మధ్య ఈనె వెంబడి తెల్లటి చార. రెండోది మారేడు గడ్డ. ఇది బండల సందుల్లో పెరుగుతుంది, వేళ్లు లావుగా, కండపట్టి ఉంటాయి. దీనికీ మారేడు చెట్టుకీ ఏ చుట్టరికమూ లేదు. రెండింటి వాసనకీ మూలం ఒకే పదార్థం. వెనిలాకి వాసన ఇచ్చే వెనిలిన్‌లో ఉన్న పరమాణువులే దీనిలోనూ, అదే లెక్కలో ఉంటాయి. అమరిక ఒక్కటే వేరు. మొదటిసారి నన్నారి తాగినవాళ్లు ఏదో ఐస్‌క్రీమ్ గుర్తొస్తోందనేది అందుకే.

తీగ చూపించడానికి కొండ అంచు పల్లెలో ఉండే ఒక యానాది అవ్వ నాతో వచ్చింది. చిన్నప్పటినుంచి గడ్డలు తవ్వి అమ్మిన మనిషి. నేను ఫోన్‌లో ఆకు బొమ్మ పెట్టుకుని పొద పొదా వెతుకుతుంటే కాసేపు చూసి ఊరుకుంది. తర్వాత అంది:

"ఆకు జూసి తవ్వితే ఎట్ల పాపా? పాలు గారే తీగలు యెన్ని లేవు. వేరు ఇరిచి వాసన జూడల్ల. వాసన రాకుంటే అది నన్నారి గాదు, ముట్టొద్దు."

పాల తీగల్లో విషం ఉన్నవి చాలానే ఉన్నాయి, జిల్లేడు కుటుంబమంతా పాలదే. ఆ మాట తర్వాత నేను ఏ మొక్కనైనా ఆమె చూసి ఊ అన్నాకే సంచిలో వేశాను. వంక పక్కన ఒక చెట్టు కింద నారింజ రంగులో చక్కటి గుండ్రటి కాయలు పడి ఉంటే నేను వంగబోయాను, ఆమె చేత్తో నా భుజం పట్టి ఆపింది. అది ముష్టి. లోపలి గింజల్లో స్ట్రిక్నిన్ ఉంటుంది, మనిషిని చంపే విషం. తమాషా ఏమిటంటే దానికి దగ్గర బంధువే చిల్లగింజ చెట్టు. చిల్లగింజని కుండ లోపలి గోడకి అరగదీసి బురద నీళ్లు పోస్తే, మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడతాయి. అవ్వ వాళ్లింట్లో ఇప్పటికీ కుండ పక్కన ఒక గింజ ఉంటుంది. నా పానీయాల జాబితాలో మొదటి పేరు అప్పుడే మారిపోయింది: వంక చెలమ నీళ్లు, చిల్లగింజతో తేర్చి, తర్వాత కాచి చల్లార్చినవి. మట్టి దిగినంత మాత్రాన సూక్ష్మజీవులు పోవు గదా.

నన్నారి దగ్గరికి వస్తే, అవ్వ చూపించిన చోట మారేడు గడ్డ తీగ ఉన్న మాట నిజం. అయితే అది ఒక్కటే ఉంది. "ఇంతకు ముందు ఈ బండల్లో యాడ జూసినా ఉండె. ఇప్పుడు దీనికోసం కొండ నెత్తికి పోవల్ల" అంది. గడ్డ తవ్వితే తీగ చచ్చిపోతుంది. దక్షిణ భారతంలో తప్ప పెరగని ఈ మొక్కని, షర్బత్‌కోసం, పచ్చళ్లకోసం తవ్వి తవ్వి ప్రమాదపు అంచుకి తెచ్చాం. పూవు కోస్తే మొక్క మళ్లీ పూస్తుంది, కాయ ఏరితే మళ్లీ కాస్తుంది. వేరు తీస్తే ఏం మిగలదు. ఆ ఒక్క తీగని అలాగే వదిలేసి వచ్చాం. షర్బత్‌కి వేళ్లు తర్వాత తోటలో పెంచే రైతు దగ్గర తెచ్చుకున్నాను.

ఆ వేళ్లతో ఒక మాట నేర్చుకున్నాను. అందరూ చెప్పేది వేళ్లు దంచి గంటలకొద్దీ మరిగించమని. ఆ వాసన పదార్థం ఆవిరితోపాటు ఎగిరిపోయే రకం. ఇల్లంతా ఘుమఘుమలాడుతోందంటే గిన్నెలోది పోతోందనే అర్థం. నేను వేరు కడిగి, చితక్కొట్టి, మధ్యలో ఉండే కట్టెలాంటి నారని తీసేసి, పైకండని నీడలో ఆరబెట్టాను. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో మూతపెట్టి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, చల్లారిన పాకంలో కలిపాను. రంగు బండిమీద దొరికేదానంత ముదురుగా రాదు. వాసన మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక మిగతావి. తంగేడు పూలు పొద్దున్నే కోసి, నీడలో ఎండబెట్టి, పొయ్యిమీంచి దించిన వేడినీళ్లలో వేసి మూతపెట్టాను. పసుపురంగు నీళ్లు, ఎండుగడ్డి వాసన, చివర్లో నాలుకమీద కొద్దిగా బిగువు. ఉసిరికాయలు దంచి, ఉప్పు వేసి, చల్లటి నీళ్లలో పిండాను. మోదుగ పూలు మాఘం చివర్లో దొరికాయి. నీళ్లలో రాత్రంతా ఉంటే తెల్లారేసరికి కాషాయం రంగు. చూడ్డానికి దానికి సాటి లేదు, రుచికి అంత గొప్పది కాదు, కొంచెం చేదు. కరక్కాయ పెచ్చులు చిటికెడు, వేడినీళ్లలో. అది ఒక్క గుక్క చాలు.

వీటిని ఒకరోజు వరసగా పెట్టుకుని, పంచదార లేకుండా, బెల్లం లేకుండా తాగి చూశాను. కొన్నాళ్లుగా నోటికి తగులుతున్నదేమిటో అప్పుడు తెలిసింది. ఒక్కోదాని వాసన వేరు, పులుపు వేరు, చేదు వేరు. అన్నిటి అడుగునా ఉన్నది ఒకటే: వగరు. చెంపల లోపల తోలు లాగిపట్టినట్టు, నాలుక గరుకుబారినట్టు. కరక్కాయలో అది నిండా ఉంది, ఉసిరిలో పులుపు వెనకాల ఉంది, తంగేడులో తోకలా వచ్చింది. నేరేడులో ఎలాగూ ఉంటుంది. నన్నారిలోనే లేదు. కొండ రుచి అని నేను నమ్మి బయల్దేరింది కొండమీద అందరికన్నా తక్కువగా ఉన్న, తక్కువగా మాట్లాడే మొక్క. గొంతు పెద్దగా వినపడేది వగరుది.

కారణం ఆలోచిస్తే తెలిసేదే. ఆ వాలు అంతా క్వార్ట్‌జైట్ బండ, దానిమీద జానెడు మట్టి. అందులో సారం తక్కువ, వానలు కొద్ది నెలలు. అలాంటి చోట నిదానంగా పెరిగే చెట్టుకి, పురుగో మేకో తినేసిన ఆకుని మళ్లీ పుట్టించుకోవడం చాలా ఖర్చు. కాబట్టి ఆకులో, బెరడులో, పచ్చికాయలో టానిన్ నింపుకుంటుంది. టానిన్ మాంసకృత్తుల్ని పట్టుకుని బిగుస్తుంది. మన నోట్లో లాలాజలంతో అదే చేస్తే వగరు అంటాం. చర్మంతో చేస్తే అది తోలు అవుతుంది. తంగేడు బెరడుని ఒకప్పుడు తోళ్లు పదును చెయ్యడానికి బండ్లకెత్తేవాళ్లు.

అదే టానిన్ ఇనుముతో కలిస్తే నలుపు. ఇనప మూకుడులో ఉసిరికాయ వండినవాళ్లకి తెలుసు. ఈ నలుపుమీదే శ్రీకాళహస్తి కలంకారీ నిలబడి ఉంది. నా గుడ్డపనికి దారి అక్కడే దొరికింది.

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ ఇంట్లో గుడ్డ తయారుచేసే పద్ధతి నేర్చుకున్నాను. గంజి పోయేలా ఉతికిన కోరా గుడ్డని కరక్కాయ పొడీ గేదె పాలూ కలిపిన నీళ్లలో ముంచి, పిండి, ఎండలో ఆరేస్తారు. కరక్కాయ టానిన్ ఇస్తుంది, పాలలోని కొవ్వు రంగు చుట్టూ పాకకుండా ఆపుతుంది. గుడ్డ లేత పసుపు రంగుకి వస్తుంది, వారం దాకా పాల కంపు కొడుతుంది. నలుపుకి తుప్పుపట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూతపెట్టి వారాల తరబడి పులియబెడతారు. వెదురు పుల్లకి ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్నిని వేళ్లతో నొక్కేకొద్దీ రంగు దిగుతుంది. ఆ తుప్పు నీళ్లతో గీత గీస్తే, కరక్కాయ పట్టిన గుడ్డమీద అది కళ్లముందే నల్లబడుతుంది. పక్కన కూర్చున్న ఇంటి పెద్దాయన, "గీసినాక మూలన పెట్టొద్దమ్మా, బాగా జాడించు. ఇనుము గుడ్డని తినేస్తాది" అన్నాడు. నిజమే, ఇనుము ఎక్కువైన చోట పాత గుడ్డలు గీతల వెంబడే చిరుగుతాయి. జాడించడానికి పారే నీళ్లు కావాలి. ఊరి పక్కనే స్వర్ణముఖి, మా చంద్రగిరి వైపు కొండల్లోంచి దిగే ఏరే. నేను పోయినప్పుడు అందులో ఇసుకే ఉంది. బోరు పంపు దగ్గర జాడించాం.

ఇంటికి వచ్చాక పద్ధతిని తిరగేశాను. కరక్కాయ పట్టని ఉత్త గుడ్డమీద తుప్పు నీళ్లతో ముందు బొమ్మ గీసి ఆరబెడితే, లేత తుప్పు మరక తప్ప ఏం కనపడదు. దానిమీద నా పానీయాల్ని కుంచెతో పూస్తే? ఏ పానీయంలో ఎంత వగరు ఉందో గుడ్డే చెప్పాలి. చిన్న ముక్కలమీద పరీక్ష చేశాను. కరక్కాయ పూసిన చోట కాటుక నలుపు. నేరేడు బెరడు కషాయానికి గోధుమ కలిసిన నలుపు. తంగేడు పూలకి ముదురు ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, ఇది నాకు అన్నిటికన్నా నచ్చింది, సాయంత్రం ఆ వాలు సరిగ్గా ఆ రంగులోనే ఉంటుంది. ఉసిరి దగ్గర లెక్క తప్పింది. నోటికి అంత వగరుగా ఉన్న పచ్చి ఉసిరి రసం గుడ్డమీద నీరసమైన బూడిదరంగే ఇచ్చింది. దాని పులుపు నలుపుని కరిగించేస్తోంది, సిరా మరకకి నిమ్మకాయ రాసినప్పుడు జరిగేదే ఇదీ. ఎండు ఉసిరి ఉడికించిన నీళ్లు పూస్తే కొంత నయం. మోదుగకి పటిక కలిపితే పసుపు, బూడిద నీళ్లు కలిపితే కాషాయం.

నన్నారి పూసిన చోట, తుప్పు మరక తుప్పు మరకలాగే ఉండిపోయింది.

ఒక జాగ్రత్త, ఇలాంటిది ఎవరైనా చేద్దామనుకుంటే. తాగే గిన్నెలూ రంగు గిన్నెలూ ఎప్పటికీ కలవకూడదు. తుప్పు నీళ్లు, పటిక తగిలిన గరిటె మళ్లీ వంటింట్లోకి రాకూడదు. నేను రంగు సామాను మొత్తానికి పిడులమీద ఎర్ర దారం చుట్టాను. ఇంకోటి, ఒక కొత్త మొక్కని మొదటిసారి గుటకెడు తాగి ఆ రోజుకి ఆపేశాను. తంగేడు జాతి మొక్కల్లో విరేచనకారులు ఉన్నాయి, పువ్వు మంచిదే గదా అని చెంబుడు తాగితే పొట్ట ఊరుకోదు.

నేరేడు పళ్ల కాలానికి మిగిలింది ఎండతో పని. పండ్ల రసాన్ని కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టి, దానిమీద ఆకు పెట్టి, అద్దంతో నొక్కి ఎండలో ఉంచితే, ఆకు కప్పిన చోటు ఊదాగా మిగిలి చుట్టూ వెలిసిపోతుంది. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఇలా పూల, ఆకుల రసాలమీద ఎండతో బొమ్మలు తెప్పించాడు. అప్పటి సమస్య ఇప్పటికీ తీరలేదు: ఆ బొమ్మని నిలబెట్టే మందు లేదు. వెలుగులో పెడితే మిగిలిన ఊదా కూడా పోతుంది. కాబట్టి నేరేడు ఆకు, తంగేడు ఆకు, మోదుగ ఆకు బొమ్మలు ఇనప్పెట్టెలో నల్ల కాగితం మధ్య ఉన్నాయి. వచ్చినవాళ్లకి తీసి, కొద్దిసేపు చూపించి, మళ్లీ పెట్టేస్తాను. గోడకి పనికిరాని బొమ్మ అని ఒక మిత్రుడు వెక్కిరించాడు. నేరేడు పండు మాత్రం ఏడాదంతా ఉంటుందా అన్నాను.

స్నేహితులు వచ్చిన సాయంత్రం వరస ఇలా పెట్టాను. మొదట తంగేడు, తర్వాత మోదుగ, తర్వాత నేరేడు రసం, ఆపైన కరక్కాయ గుక్కెడు, చివర్న ఎండబెట్టి దాచిన ఉసిరితో ఉప్పు నీళ్లు. ఉసిరి తాగిన వెంటనే చిల్లగింజతో తేర్చిన ఉత్త నీళ్లు. ఉసిరి మీద నీళ్లు తియ్యగా ఉంటాయని అందరికీ తెలుసు, ఐనా ప్రతివాళ్లూ గ్లాసులో ఏం కలిపావని అడిగారు. ఏమీ కలపలేదంటే ఒకావిడ నమ్మలేదు. పంచదార డబ్బా పక్కన పెట్టాను, కావలసినవాళ్లు వేసుకున్నారు. వగరుకి ముఖం చిట్లించినవాళ్లే ఎక్కువ. నాకదేం బాధ అనిపించలేదు, ఆ వాలుమీద మధ్యాహ్నం నడిచినా ముఖం అలాగే అవుతుంది.

గ్లాసుల్లో మిగిలినదాన్నీ, పక్కన ఉంచిన నేరేడు బెరడు కషాయాన్నీ వాళ్లచేతే గుడ్డమీద పూయించాను. అప్పటిదాకా అక్కడ కనపడీ కనపడని తుప్పు గీతలే. కరక్కాయ పూసిన చోట బండల చరియ లేచింది. తంగేడు పూసిన చోట పొదలు, నేరేడు బెరడు కషాయం పూసిన చోట వంక గట్టు. ఎర్రమట్టి నేను ముందే అద్ది ఉంచాను. పూసేవాళ్లకి కింద ఏముందో తెలియదు కాబట్టి కొన్నిచోట్ల చెట్టు సగమే వచ్చింది, కొన్నిచోట్ల ఆకాశంలో చుక్కలు పడ్డాయి. అలాగే ఉంచేశాను.

అవ్వ కూడా వచ్చింది. ఉసిరి వద్దంది, "అది నాకు కొత్తా ఏంది?" గుడ్డ ముందు నిలబడి చెట్టూ చెట్టూ పేరు పెట్టి చెప్పుకుంటూ పోయి, పైన బండల దగ్గర ఆగి, "నన్నారి యాడ గీసినావు?" అంది. తీగ గీసిన చోటు చూపించాను. ఎంత పూసినా నల్లబడని పాలిపోయిన తుప్పు గీత, దూరానికి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. దగ్గరికి వంగి చూసింది. "సరిగానే ఉండాదిలే, కొండలో గూడా అంతే కనపడతాది" అని, షర్బత్ ఇంకో గ్లాసు పొయ్యమంది. పోయేటప్పుడు మిగిలిన కరక్కాయ పొడి కొంగున మూటకట్టుకుంది, దగ్గుకి.